స్టుడిబేకర్: మంచి కార్లు చేసిన కంపెనీ ఎందుకు మూతపడింది, దాని కార్మికుల పెన్షన్లు ఏమయ్యాయి

అమెరికాలో ఫలానా కార్ల కంపెనీ మూతపడిందనగానే అందరూ చెప్పే కారణాలు రెండే. జపాన్ కార్లు వచ్చి దెబ్బ కొట్టాయి, లేదంటే యూనియన్లు జీతాలు పెంచమని పట్టుబట్టి ముంచేశాయి. స్టుడిబేకర్ విషయంలో మొదటిది అసలు పనికిరాదు. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో, తాను పుట్టిన ఊళ్లోనే, ఆ కంపెనీ కార్ల ఫ్యాక్టరీకి తాళం వేసింది 1963 డిసెంబరులో. అప్పటికి అమెరికా రోడ్ల మీద జపాన్ కారు కనపడటమే అరుదు. రెండో కారణంలో కొంత నిజముంది గానీ, ఆ కొంతనే పట్టుకుని కథంతా చెప్పేస్తే అక్కడ పనిచేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

నాకు అర్థమైనంతవరకు ఆ కంపెనీని తినేసింది ఒక్క అలవాటు. చేతిలో డబ్బు ఆడిన రోజుల్లో దాన్ని వాటాదార్లకు, జీతాలకు పంచేయడం, ఫ్యాక్టరీకి మాత్రం రేపు చూద్దాంలే అనడం. ఇది ఒకసారి జరిగింది కాదు. 1930ల్లో ఒకసారి జరిగింది, కంపెనీ దివాలా తీసి ఎలాగో బతికింది. 1950ల్లో మళ్లీ అదే జరిగింది, ఈసారి బతకలేదు. ఆ అలవాటే పెన్షన్లలోకి కూడా పాకింది, దాని దెబ్బకు అమెరికా చట్టాలే మారాయి. అందుకే పాత కార్ల మీద మోజు లేనివాళ్లకు కూడా ఈ కథ తెలియాలని రాస్తున్నాను.

మొదలు చాలా చిన్నది. 1852లో హెన్రీ, క్లెమెంట్ అనే ఇద్దరు అన్నదమ్ములు సౌత్ బెండ్‌లో కమ్మరి కొలిమి పెట్టారు. చేతిలో ఉన్నది 68 డాలర్లు, రెండు సెట్ల పనిముట్లు. గుర్రాలకు నాడాలు కొట్టడం, బండ్లు బాగుచేయడం, ఎవరైనా అడిగితే కొత్త బండి చేసివ్వడం, అదీ వాళ్ల పని. వాళ్ల తమ్ముడు జాన్ మాత్రం అందరిలాగే బంగారం పిచ్చిలో కాలిఫోర్నియా వెళ్లాడు, వెళ్లినవాడు బంగారం తవ్వలేదు. ప్లేసర్‌విల్ అనే ఊళ్లో గనివాళ్లకు ఒంటిచక్రం తోపుడుబండ్లు చేసి అమ్మాడు. అక్కడ అతనికి పడిన పేరు ‘వీల్‌బారో జానీ’. 1858లో దాదాపు 8 వేల డాలర్లతో ఇంటికొచ్చి, హెన్రీ వాటా కొన్నాడు. హెన్రీది యుద్ధాన్ని ఒప్పుకోని మతశాఖ, సైన్యానికి బండ్లు చేయడం ఆయనకు ఇష్టం లేదు. తమ్ముళ్లకు ఆ పట్టింపు లేదు. అంతర్యుద్ధం వచ్చింది, సైన్యం నుంచి ఆర్డర్ల మీద ఆర్డర్లు వచ్చాయి, మిగతా తమ్ముళ్లు పీటర్, జాకబ్ కూడా వచ్చి చేరారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ప్రపంచంలోకెల్లా పెద్ద గుర్రబ్బండ్ల తయారీదార్లలో స్టుడిబేకర్ పేరు ముందుండేది.

ఇక్కడ ఒక విషయం మెచ్చుకోవాలి. గుర్రబ్బండ్లు చేసినవాళ్లు ఆ రోజుల్లో అమెరికాలో వేలల్లో ఉన్నారు, వాళ్లలో కార్లలోకి దిగి పెద్ద కంపెనీగా నిలబడ్డది దాదాపు స్టుడిబేకర్ ఒక్కటే. 1902లో ఎలక్ట్రిక్ కార్లతో మొదలుపెట్టారు (రెండో బండి కొన్నది థామస్ ఎడిసన్), 1904లో పెట్రోలు కారు తెచ్చారు. మొదట్లో కారు లోపలి భాగాలు వేరే కంపెనీలు చేసిస్తే తమ పేరు మీద అమ్మేవారు. తర్వాత డెట్రాయిట్‌లోని ఇ.ఎం.ఎఫ్. కంపెనీని మొత్తంగా కొనేసి, సొంతంగా చేయడం నేర్చుకున్నారు. 1920 నాటికి గుర్రబ్బండ్లకు పూర్తిగా స్వస్తి చెప్పారు.

అక్కడి నుంచి ఆల్బర్ట్ ఎర్‌స్కిన్ కాలం. 1915లో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. డెట్రాయిట్‌లో ఉన్న ఉత్పత్తిని సౌత్ బెండ్‌కు తెచ్చాడు, ఖరీదైన కార్లు చేసే పియర్స్-యారో కంపెనీని 1928లో కొన్నాడు. 1920లు బాగా నడిచాయి. 1929 చివర్లో షేర్ మార్కెట్ కూలింది. ఎర్‌స్కిన్‌కు ఇది కొద్ది నెలల్లో సర్దుకుంటుందన్న నమ్మకం. ఆ నమ్మకంతో, అమ్మకాలు పడిపోతున్నా వాటాదార్లకు డివిడెండు ఆపలేదు. లాభం ఎంత వచ్చిందో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పంచాడు. లాభం లేనప్పుడు పంచే డబ్బు ఎక్కడిది? కంపెనీ నిల్వల్లోంచి తీసిందే. 1933 మార్చికల్లా నిల్వలు అయిపోయాయి, కంపెనీ కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లింది. ఆ జులై 1న ఎర్‌స్కిన్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

కంపెనీని కాపాడింది హెరాల్డ్ వాన్స్, పాల్ హాఫ్‌మన్ అనే ఇద్దరు. ఒకాయన ఫ్యాక్టరీ మనిషి, ఇంకొకాయన అమ్మకాల మనిషి. పియర్స్-యారోను అమ్మేశారు, బ్యాంకులను ఒప్పించారు, 1939లో ఛాంపియన్ అనే చిన్న కారు తెచ్చారు. బరువు తగ్గించి, పెట్రోలు తక్కువ తాగేలా చేసిన కారు అది, బాగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. స్టుడిబేకర్ చేసిన యూఎస్6 లారీలు దాదాపు 2 లక్షలు, అందులో అత్యధికం సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. బురదలో, మంచులో అవి నడిచిన తీరు చూసి సోవియట్ సైనికులు ముద్దుగా ‘స్టూడెర్’ అనేవారు, తమ కత్యూషా రాకెట్లను వాటి మీదే బిగించుకున్నారు. బి-17 బాంబర్లకు ఇంజన్లు కూడా సౌత్ బెండ్‌లో వేలకు వేలు తయారయ్యాయి. అంటే ఆ ఫ్యాక్టరీలో పనితనానికి లోటు లేదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

యుద్ధం ముగిశాక అమెరికాలో కార్ల కరువు. దాదాపు నాలుగేళ్లు ఎవరూ మామూలు జనం కోసం కార్లు చేయలేదు కదా. పెద్ద కంపెనీలు 1942 నాటి పాత మోడల్‌కే కాస్త మెరుగులు దిద్ది అమ్ముతుంటే, స్టుడిబేకర్ 1947 మోడల్‌గా పూర్తిగా కొత్త ఆకారంలో కారు తెచ్చింది. రేమండ్ లోవీ స్టూడియో, వర్జిల్ ఎక్స్‌నర్ చేసిన డిజైన్. వెనక అద్దం ఎంతగా చుట్టుకుపోయి ఉండేదంటే కారు ఎటు పోతుందో తెలియడం లేదని జనం చెప్పుకునేవారు. 1950 మోడల్‌కు ముందు భాగంలో విమానం ముక్కులాంటి ఆకారం పెట్టారు. ఆ మోడల్ సంవత్సరంలో కార్లు 3 లక్షలు దాటాయి. కంపెనీ చరిత్రలో అంతకు మించిన ఏడాది మళ్లీ రాలేదు.

ఇదీ అసలు మలుపు. 1946 నుంచి 1952 దాకా ఏ కారు చేసినా అమ్ముడుపోయే కాలం, డబ్బు బాగా వచ్చింది. ఆ డబ్బు ఏమైంది? వాటాదార్లకు ధారాళంగా డివిడెండ్లు వెళ్లాయి. కార్మికులకు డెట్రాయిట్ కన్నా ఎక్కువ కూలి రేట్లు వెళ్లాయి. తండ్రీ కొడుకులు కలిసి పనిచేసే కుటుంబ కంపెనీ అని స్టుడిబేకర్ ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేది, సమ్మె మాట వినబడకూడదని యాజమాన్యం పట్టుదల. ఎక్కడైనా పేచీ వస్తే అడిగింది ఇచ్చేసి ఉత్పత్తి నడిపించేవారు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒక రోజు లైన్ ఆగితే పోయే డబ్బు కన్నా కాస్త కూలి పెంచడం చవక. పైగా ఒక విభాగంలో పని తగ్గితే సీనియర్ మనిషి ఇంకో విభాగంలోకి వెళ్లి అక్కడి జూనియర్‌ను జరిపేయొచ్చు, ఆ జూనియర్ ఇంకొకరిని జరుపుతాడు. ఒక్క మార్పుకు వరసగా ఎంతోమంది కొత్త పనికి మారాల్సి వచ్చేది, ప్రతి ఒక్కరూ ఆ పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చేది. దీన్ని యూనియన్ అడిగింది నిజమే, సంతకం పెట్టింది మాత్రం యాజమాన్యం.

పోనీ ఫ్యాక్టరీకి ఏం పెట్టారు? అవసరమైనంత పెట్టలేదు. డెట్రాయిట్ కంపెనీలు కొత్తగా ఒకే అంతస్తులో విశాలమైన అసెంబ్లీ ప్లాంట్లు కడుతుంటే, సౌత్ బెండ్‌లో ఎన్నో అంతస్తుల పాత ఇటుక భవనాల్లో బాడీలు పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాయి. ఒకే కారుకు అక్కడ మనుషులూ, గంటలూ ఎక్కువ పట్టేవి. కార్లు కొనడానికి జనం వరసలో నిలబడ్డప్పుడు ఈ అదనపు ఖర్చు ఎవరికీ కనపడదు, ధరలో కలిసిపోతుంది.

కార్ల వ్యాపారం లెక్క తెలిస్తే తర్వాత జరిగింది అర్థమవుతుంది. కొత్త మోడల్ తేవాలంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే డైలు, జిగ్‌లు, మెషిన్లు మార్చాలి, దీన్నే టూలింగ్ అంటారు. ఆ ఖర్చు మీరు వెయ్యి కార్లు చేసినా పది లక్షలు చేసినా దాదాపు ఒకటే. ఉదాహరణకు టూలింగ్‌కు 2 కోట్ల డాలర్లు అయిందనుకుందాం. 10 లక్షల కార్లు అమ్మే కంపెనీకి కారుకు 20 డాలర్లు పడుతుంది, 1 లక్ష అమ్మే కంపెనీకి 200 పడుతుంది. అదే షోరూమ్ వీధిలో, అదే ధరకు అమ్మాలి. పక్కవాడు ఏటా రూపు మార్చగలడు, మీరు మూడేళ్లకు ఒకసారి కూడా మార్చలేరు. దీంట్లో మీ ఇంజనీర్లు తెలివైనవాళ్లా కాదా అనే ప్రశ్నే లేదు, ఎన్ని అమ్మారన్నదే లెక్క. చిన్న కంపెనీకి ఉన్న ఒకే దారి, పెద్దవాళ్లకన్నా తక్కువ ఖర్చుతో ఒక్కో కారు చేయడం. స్టుడిబేకర్ చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

1953 మోడల్ దగ్గర ఇదంతా బయటపడింది. లోవీ స్టూడియోలో రాబర్ట్ బోర్క్ గీసిన స్టార్‌లైనర్ కూపేను (రెండు తలుపుల కారు) ఇప్పటికీ అమెరికాలో తయారైన అందమైన కార్లలో ఒకటిగా చెబుతారు. నేల మీద పాకుతున్నట్టు తక్కువ ఎత్తు, ఎక్కడా అనవసరపు క్రోమ్ లేదు. బొమ్మలు చూస్తే డెబ్భై ఏళ్ల కింది కారని నమ్మబుద్ధి కాదు. జనం చూసి పడిపోయారు, ఆర్డర్లు కురిశాయి. కానీ కంపెనీ అంచనా ఏమిటంటే ఎక్కువమంది నాలుగు తలుపుల సెడాన్ కొంటారు, కూపే కొందరే కొంటారని. విడిభాగాలన్నీ ఆ లెక్కనే తెప్పించారు. జనం అడిగింది కూపే. రెండింటికీ బాడీ రేకులు వేరు కాబట్టి సెడాన్ కోసం తెచ్చినవి కూపేకు పనికిరావు. దాన్ని సర్దుకునేలోపు ఇంకో చిక్కు వచ్చిపడింది. కారు మొత్తాన్ని మోసే ఛాసిస్ ఫ్రేమ్ బరువు తగ్గించాలని పలచగా చేశారు, ఇంజన్ ఎక్కించగానే ముందు భాగం కాస్త వంగి, ఫెండర్లూ బానెట్టూ ఒకదానికొకటి కలవడం మానేశాయి. లైన్ మీద కూపేలు బిగించలేక ఆలస్యం, ఎదురుచూసి విసిగిన కొనుగోలుదారు పక్క షోరూమ్‌కు వెళ్లిపోవడం. ఇలాంటి కారు ఒక కంపెనీకి ఎన్నేళ్లకో ఒకసారి దొరుకుతుంది, అది చేతికందినట్టే అంది జారిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అదే ఏడాది ఫోర్డ్, షెవ్రొలే మొదటి స్థానం కోసం కొట్టుకోవడం మొదలుపెట్టాయి. డీలర్లు అడగకపోయినా కార్లు పంపించేవారు, డీలర్లు వాటిని వదిలించుకోవడానికి ధరలు తెగ్గొట్టేవారు. ఈ పోటీలో వాళ్లిద్దరికీ పెద్దగా ఏమీ కాలేదు. 1954లో ఇద్దరూ చెరో 10 లక్షలకు పైగా కార్లు చేశారు. నలిగిపోయింది మధ్యలో ఉన్న చిన్న కంపెనీలు. ధర తగ్గిస్తే నష్టం, తగ్గించకపోతే అమ్మకం లేదు. 1950లో 3 లక్షలు దాటిన స్టుడిబేకర్ 1954లో 82 వేల దగ్గరికి పడిపోయింది. ఆ ఏడాది యూనియన్ సభ్యులు ఓటు వేసి మరీ తమ కూలి తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. అంతా యూనియన్ మీదకే నెట్టేసేవాళ్లు ఈ సంగతి సాధారణంగా చెప్పరు.

చిన్న కంపెనీలన్నీ కలిస్తే తప్ప బతకలేవని ముందే చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు, నాష్-కెల్వినేటర్ అధిపతి జార్జ్ మేసన్. నాష్, హడ్సన్, ప్యాకార్డ్, స్టుడిబేకర్ నాలుగూ ఒకే గొడుగు కిందకు వస్తే బాడీలు, ఇంజన్లు పంచుకోవచ్చు, టూలింగ్ ఖర్చు తగ్గుతుంది అన్నది ఆయన ఆలోచన. 1954 మేలో నాష్, హడ్సన్ కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాయి. అక్టోబరులో ప్యాకార్డ్ స్టుడిబేకర్‌ను కొన్నది. అదే నెలలో మేసన్ చనిపోయాడు, రెండు జంటలూ ఒకటి కావాలన్న ఆలోచన ఆయనతోనే పోయింది.

ప్యాకార్డ్ అధ్యక్షుడు జేమ్స్ నాన్స్ ఈ ఒప్పందంలోకి దిగేముందు స్టుడిబేకర్ లెక్కల పుస్తకాలు లోతుగా చూడలేదు. సంతకాలయ్యాక చూస్తే, ఏటా దాదాపు 2 లక్షల 82 వేల కార్లు అమ్మితే గానీ స్టుడిబేకర్‌కు లాభనష్టాలు సమానం కావు అని తేలింది. అమ్ముతున్నది అందులో మూడో వంతు కూడా లేదు. ఆ పాత భవనాలు, ఆ కూలి రేట్లు, ఆ జరుపుడు పద్ధతి, ఇన్నాళ్లూ దాచిపెట్టిన ఖర్చంతా ఆ ఒక్క అంకెలో ఉంది. ప్యాకార్డ్ పరిస్థితి కూడా అంతంతమాత్రమే. తనకు బాడీలు చేసిచ్చే బ్రిగ్స్ కంపెనీని క్రైస్లర్ కొనేయడంతో ఇరుకైన ఒక ప్లాంటులోకి మారాల్సి వచ్చింది, 1955 కార్లలో నాణ్యత దెబ్బతింది. 1956లో అప్పు ఇవ్వడానికి ఇన్సూరెన్స్ కంపెనీలు చేతులెత్తేశాయి. ఒకప్పుడు అమెరికా ధనవంతులకు, అధ్యక్షులకు కార్లు చేసిన ప్యాకార్డ్ డెట్రాయిట్‌లో మూతపడింది. తర్వాత రెండేళ్లు స్టుడిబేకర్ కారుకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు, 1958తో ఆ పేరూ అయిపోయింది. మునుగుతున్న ఇద్దరు ఒకరి మెడ ఒకరు పట్టుకున్నట్టయింది ఈ విలీనం.

ఆ దశలో కంపెనీ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అలాంటి సమయంలో హెరాల్డ్ చర్చిల్ అనే ఇంజనీరు అధ్యక్షుడయ్యాడు. ఆయన చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది. కొత్త కారుకు డబ్బు లేదు కాబట్టి, ఉన్న కారునే ముందూ వెనకా కత్తిరించి పొట్టిగా చేశాడు. మధ్య భాగం అలాగే ఉంచాడు, అందుకే బయటికి చిన్నగా కనిపించినా లోపల ఆరుగురు కూర్చోగలిగేవారు. దానికి లార్క్ అని పేరు పెట్టారు. 1959 మోడల్‌గా వచ్చింది, అప్పటికి మాంద్యం వల్ల జనం చవకైన, పెట్రోలు తక్కువ తాగే కారు కోసం చూస్తున్నారు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, అమెరికన్ మోటార్స్ ర్యాంబ్లర్ లాంటివి తప్ప ఎక్కువ దారుల్లేవు. లార్క్ దెబ్బకు 1959లో కంపెనీకి 2 కోట్ల 85 లక్షల డాలర్ల లాభం వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ డబ్బుతో వెంటనే పూర్తిగా కొత్త చిన్న కారు చేసి ఉంటే? చర్చిల్ కోరుకున్నది కార్ల మీద ఇంకా పెట్టాలని. డైరెక్టర్ల బోర్డులో ఎక్కువమందికి కార్ల మీద నమ్మకం పోయింది, పాత నష్టాల వల్ల పన్ను మినహాయింపు చేతిలో ఉంది కాబట్టి లాభాలొచ్చే వేరే వ్యాపారాలు కొంటే ఆ లాభాల మీద పన్ను పడదు. డబ్బు అటు మళ్లింది. 1960 మోడల్‌కు జనరల్ మోటార్స్ కార్వేర్, ఫోర్డ్ ఫాల్కన్, క్రైస్లర్ వాలియంట్ తెచ్చాయి. అప్పటిదాకా పెద్ద కంపెనీ కార్లతోపాటు లార్క్ కూడా అమ్ముకున్న డీలర్లకు ఇప్పుడు తమ కంపెనీలోనే చిన్న కారు దొరికింది, ఒకరి తర్వాత ఒకరు లార్క్‌ను వదిలేశారు. అమ్మకాలు జారడం మొదలైంది.

1961లో అధ్యక్షుడిగా షెర్వుడ్ ఎగ్బర్ట్ వచ్చాడు. నిలువెత్తు మనిషి, క్షణం ఖాళీగా కూర్చోలేని స్వభావం. లోవీని మళ్లీ పిలిపించి, పామ్ స్ప్రింగ్స్‌లో ఇల్లు తీసుకుని, కొద్ది వారాల్లోనే అవాంతి అనే స్పోర్ట్స్ కారుకు రూపం ఇప్పించాడు. ముందు గ్రిల్ కనపడని ముఖం, ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు. డైలకు డబ్బు లేదు కాబట్టే ఫైబర్‌గ్లాస్. 1962 వసంతంలో చూపించారు, ఆర్డర్లు వచ్చాయి, బాడీలు మాత్రం సమయానికి రాలేదు. బయటి కంపెనీలో అచ్చుపోసిన ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా అతకలేదు, వాటిని సరిచేసి షోరూముల్లోకి పంపేసరికి నెలలు గడిచాయి, అడ్వాన్సు ఇచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి తీసుకున్నారు. స్టుడిబేకర్ చేసిన అవాంతిలు మొత్తం 5 వేలు కూడా లేవు. 1953 కూపే విషయంలో జరిగిందే మళ్లీ జరిగింది, అప్పటికన్నా కంపెనీ ఇప్పుడు ఇంకా బలహీనంగా ఉంది. ఎగ్బర్ట్‌కు క్యాన్సర్, 1963 నవంబరులో తప్పుకున్నాడు. డిసెంబరు 9న సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది, 20న చివరి కారు లైన్ దిగింది.

కెనడాలోని హామిల్టన్ ప్లాంటులో ఇంకో రెండేళ్లు నడిపారు. సౌత్ బెండ్ ఇంజన్ ప్లాంటు లేదు కాబట్టి 1965 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ కెనడా శాఖ చేసిన షెవ్రొలే ఇంజన్లే బిగించారు. 1966 మార్చిలో అదీ ముగిసింది. కంపెనీ మాత్రం పోలేదు. కార్లు వదిలించుకున్న స్టుడిబేకర్ చేతిలో ఎస్‌టీపీ ఇంజన్ ఆయిల్ మందు, జనరేటర్లు, చిన్న ట్రాక్టర్లు లాంటి వ్యాపారాలున్నాయి, అవి లాభాల్లోనే నడిచాయి. 1967లో వర్తింగ్టన్ అనే కంపెనీతో కలిసి ఇంకా పెద్దదయింది. కాబట్టి షేరు పట్టుకుని కూర్చున్నవాళ్లు పెద్దగా నష్టపోలేదు. నష్టం ఎవరిదో పెన్షన్ లెక్క చూస్తే తెలుస్తుంది.

స్టుడిబేకర్‌లో పెన్షన్ పథకం 1950లో మొదలైంది, యూనియన్‌తో ఒప్పందంలో భాగంగా. అప్పటికే ఇరవై, పాతికేళ్లు పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆ పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుందని మాటిచ్చారు, ఇవ్వడం న్యాయమే. కానీ ఆ పాతికేళ్లకు సంబంధించి ఎవరూ ఒక్క డాలరు కూడా పక్కన పెట్టి లేదు. అందుకని ఆ బాకీని రాబోయే 30 ఏళ్లలో కొంచెం కొంచెంగా నిధిలో జమచేస్తామన్నారు. చట్టం ప్రకారం అది తప్పేమీ కాదు, మిగతా కంపెనీలూ అలాగే చేశాయి. కొన్నేళ్లకు కొత్త ఒప్పందం, నెల పెన్షన్ పెంపు, ఆ పెంపు పాత సర్వీసుకు కూడా వర్తింపు. అంటే పాత బాకీ తీరకముందే దాని మీద కొత్త బాకీ. కూలి పెంచితే వచ్చే వారమే చెల్లించాలి, పెన్షన్ పెంచితే చెల్లింపు ఎప్పుడో. డబ్బు లేని కంపెనీకి ఇది తేలిక, సభ్యులకు ఏదో సాధించి చూపాల్సిన యూనియన్‌కూ తేలిక. ఇద్దరూ మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు. కానీ ఆ 30 ఏళ్ల లెక్కంతా కంపెనీ 30 ఏళ్లు కార్లు చేస్తుందన్న ఊహ మీద నిలబడి ఉంది. మొదలైన పద్నాలుగో ఏట ఫ్యాక్టరీయే లేదు.

పథకంలో సుమారు 10,500 మంది ఉన్నారు. నిధి చాలకపోతే ఎవరికి ముందు ఇవ్వాలో ఒప్పందంలోనే రాసుంది. మొదట అప్పటికే రిటైరైనవాళ్లు, 60 దాటి అర్హత ఉన్నవాళ్లు. వీళ్లు సుమారు 3,600 మంది, వీళ్లకు పూర్తి పెన్షన్ అందింది, నిధిలో అత్యధిక భాగం అక్కడికే సరిపోయింది. రెండో వరసలో 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి, కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు, దాదాపు 4 వేల మంది. వీళ్లకు రావాల్సిన దాంట్లో నూటికి 15 వంతులు ఒకేసారి చేతిలో పెట్టారు, సగటున సుమారు 600 డాలర్లు. మిగిలిన సుమారు 2,900 మందికి ఏమీ లేదు.

ఆ రెండో వరసను కాస్త దగ్గరగా చూడండి. ఆ గుంపు సగటు వయసు 52, సగటు సర్వీసు 23 ఏళ్లు. 59 ఏళ్ల మనిషి, నలభై ఏళ్లు అదే గేటులోంచి లోపలికెళ్లినవాడు, ఇంకొక్క ఏడాది నిండితే జీవితాంతం నెలనెలా పెన్షన్ వచ్చేది. పక్క ఇంట్లో 60 నిండినవాడికి అంతా వచ్చింది, ఇతనికి కొన్ని వందల డాలర్ల చెక్కు వచ్చింది. ఆ వయసులో, పెద్ద యజమాని మూతపడిన ఊళ్లో, ఇంకెవరు ఉద్యోగం ఇస్తారు? ఇంకోచోటికి పోదామంటే ఇల్లు ఎవరు కొంటారు? ఇందులో ఎవరూ చట్టం తప్పలేదు, ఎవరూ నిధిని కాజేయలేదు. కంపెనీ ఒప్పందం ప్రకారం కట్టాల్సింది కట్టింది. అసలు లోపం అక్కడే ఉంది, చట్టం ప్రకారం అన్నీ సవ్యంగా జరిగి కూడా మనుషులు వట్టి చేతులతో మిగిలారు.

పెన్షన్లకు ప్రభుత్వ బీమా ఉండాలని ఆటో కార్మికుల యూనియన్ ఆలోచించడం సౌత్ బెండ్ మూతపడక ముందే మొదలైంది, స్టుడిబేకర్ తర్వాత ఆ వాదనకు అందరికీ అర్థమయ్యే ఒక ఉదాహరణ దొరికింది. ఇండియానా సెనెటర్ వాన్స్ హార్ట్‌కీ 1964లోనే అలాంటి బిల్లు పెట్టాడు. అది సాగలేదు, వ్యాపార సంస్థలకు ఇష్టం లేదు. న్యూయార్క్ సెనెటర్ జేకబ్ జావిట్స్ ఏళ్ల తరబడి పట్టువదలకుండా పోరాడాక, 1974 సెప్టెంబరు 2న, అమెరికా కార్మిక దినోత్సవం రోజున, అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో ఎరిసా అనే చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి పదేళ్లు దాటింది, సౌత్ బెండ్ వాళ్లకు దానివల్ల ఒక్క డాలరు కూడా రాలేదు. ఆ చట్టం ప్రకారం కంపెనీలు పెన్షన్ నిధిలో కనీసం ఇంత జమచేయాలి, ఇన్నేళ్లు పనిచేస్తే ఆ హక్కు ఎవరూ తీసేయలేరు, నిధిని చూసేవాళ్లు సభ్యుల మేలు కోసమే నడపాలి. దానితోపాటే పీబీజీసీ అనే ప్రభుత్వ బీమా సంస్థ పుట్టింది. కంపెనీ కుప్పకూలి పెన్షన్ నిధి చాలకపోతే, ఒక పరిమితి వరకు అది చెల్లిస్తుంది.

అమెరికాలో ప్రైవేటు కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఈ చట్టం తెలియకుండానే రోజూ వర్తిస్తూ ఉంటుంది. జీతంలోంచి 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలోకి వెళ్లే డబ్బు కంపెనీ ఆస్తిలో కలవకుండా విడిగా ఉండాలన్నది ఎరిసా నిబంధనే. అందువల్ల కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్లు ఆ డబ్బును ముట్టుకోలేరు. అయితే పీబీజీసీ బీమా 401(కె)కు లేదు, అది నెలనెలా ఇంత ఇస్తామని కంపెనీ మాటిచ్చే పాత పద్ధతి పెన్షన్లకు మాత్రమే. అలాంటి పెన్షన్ ఇచ్చే ప్రైవేటు కంపెనీలు ఏటేటా తగ్గిపోతున్నాయి, మార్కెట్ పడితే వచ్చే నష్టం ఉద్యోగి ఖాతాలోనే పడుతోంది. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు హెచ్ఆర్ ఇచ్చే కాగితాల్లో రెండు సంగతులు తప్పకుండా చూసుకోవాలి: మీకిచ్చేది ఈ రెండింటిలో ఏది, కంపెనీ కలిపే వాటా పూర్తిగా మీ సొంతం కావడానికి ఎన్నేళ్లు పనిచేయాలి.